కోలిక్ ఏడుపు: చివరగా వాడిన మందుకే పేరు

మూడు వారాల బిడ్డ సాయంత్రం ఆరింటికి ఏడుపు అందుకుని తొమ్మిదింటి దాకా ఆపకపోతే చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక కారణం చెబుతారు. కడుపులో గాలి పట్టిందంటారు, పాలు చాలడం లేదంటారు, తల్లి తిన్నదేదో పడలేదంటారు. కారణానికో మందు కూడా చెబుతారు. ప్రతి మందుకూ “మా బిడ్డకు దీంతోనే తగ్గింది” అని సాక్ష్యమిచ్చేవాళ్లు దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కోలిక్, అంటే జబ్బేమీ లేని పసిబిడ్డ కారణం కనపడకుండా గంటల తరబడి ఏడ్చే దశ, దానంతటదే తగ్గే రోజుల్లో ఎవరి చేతిలో ఏ సీసా ఉంటే ఆ సీసాకు పేరొచ్చింది, అంతే. ఈ సంగతి పట్టుబడితే ఏది మానుకోవాలో, ఏది తప్పక చేయాలో తేల్చుకోవడం చాలా సులువవుతుంది.

ముందు ఏడుపు లెక్క చూద్దాం. 1962లో అమెరికా పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజెల్టన్ 80 మంది ఆరోగ్యవంతులైన పసిపిల్లల ఏడుపును తల్లుల చేత డైరీల్లో రాయించాడు. రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ ఆరో వారానికి రోజుకు దాదాపు 2 గంటల 45 నిమిషాలకు చేరి, ఆ తర్వాత దిగడం మొదలైంది. ఇది ఏ జబ్బూ లేని పిల్లల లెక్క అని గమనించాలి. వేర్వేరు దేశాల్లో జరిగిన ఇలాంటి డైరీ అధ్యయనాలను కలిపి 2017లో వెలువడిన విశ్లేషణలోనూ ఇదే తీరు కనిపించింది: తొలి 6 వారాల్లో సగటున రోజుకు సుమారు 2 గంటల ఏడుపు, 10–12 వారాలు వచ్చేసరికి గంటకు కాస్త పైన. కోలిక్ అనదగ్గ స్థాయిలో ఏడ్చే పిల్లలు మొదటి 6 వారాల్లో 17 నుంచి 25 శాతం దాకా ఉంటే, 10–12 వారాలకు 1 శాతం కూడా మిగల్లేదు. నెలలు నిండకముందే పుట్టిన పిల్లల్లో ఏడుపు ఎక్కి దిగే ఈ గీత పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి నడుస్తుంది. ఆరు వారాలు ముందు పుట్టిన బిడ్డకు ఏడుపు ముదిరేది మూడో నెలలోనే. ఇల్లు మారినా, పాలు మారినా తప్పని ఈ గడువును బట్టి చూస్తే, ఇది పొట్ట జబ్బు కంటే నరాల ఎదుగుదలలో ఒక దశ అనుకోవడమే సబబు.

ఇప్పుడు మందుల సంగతి ఈ గీత మీద పెట్టి చూడండి. ఐదో వారంలో ఒక చుక్కల మందు మొదలవుతుంది, పనిచేయదు, ఎందుకంటే గీత ఇంకా ఎక్కుతోంది. ఏడో వారంలో రెండోది. తొమ్మిదో వారంలో మూడోది, దాంతో “గుణం కనిపిస్తుంది”. వరస తిరగేసి ఇచ్చినా ఫలితం మారేది కాదు, పేరు మాత్రం ఇంకో మందుకు వచ్చేది.

కోలిక్‌కు చెప్పే “మూడుల సూత్రం” గురించి చాలామంది వినే ఉంటారు: ఏడుపు రోజుకు 3 గంటలు, వారానికి 3 రోజులు, 3 వారాల పాటు. 1954లో మోరిస్ వెసెల్, ఆయన సహచరులు అధ్యయనం కోసం పెట్టుకున్న కొలత అది. రెండు గంటల యాభై నిమిషాలు ఏడ్చే బిడ్డకూ మూడు గంటల పది నిమిషాలు ఏడ్చే బిడ్డకూ లోపల తేడా ఏమీ లేదు. అందుకే పొట్ట సమస్యలను గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న 2016 నాటి రోమ్–4 ప్రమాణాలు వైద్యులకు గంటల లెక్క వదిలేశాయి. వాటి ప్రకారం ఏడుపు మొదలవడం, ఆగిపోవడం రెండూ 5 నెలల లోపే జరగాలి. కనిపించే కారణం లేకుండా పదేపదే, చాలాసేపు ఏడవాలి. పెద్దవాళ్లు ఏం చేసినా ఆగకూడదు. జ్వరం, జబ్బు, ఎదుగుదల లోపం ఉండకూడదు. కోలిక్ అని తేల్చడానికి రక్తపరీక్షా లేదు, స్కానూ లేదు. మిగిలినవన్నీ కావని చూసుకున్నాక పెట్టే పేరు అది.

గాలి మాటేమిటి? బిడ్డ మొహం కందిపోతుంది, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటుంది, పిడికిళ్లు బిగిస్తుంది, పొట్ట గట్టిపడుతుంది, గాలి వదులుతుంది. చూసేవాళ్లకు కడుపునొప్పి కాక మరోటి తోచదు. కానీ ఏ కారణంతో ఏడ్చినా, చివరికి సూది గుచ్చినా, పసిబిడ్డ ఒళ్లు అలాగే స్పందిస్తుంది. గుక్కపెట్టి ఏడ్చేటప్పుడు మింగే గాలి కూడా తక్కువేమీ కాదు. కాబట్టి గాలి చాలాసార్లు ఏడుపు వల్ల వచ్చినదే. త్రేన్పు తెప్పించడం తప్పేం కాదు, కానీ అది కోలిక్‌ను ఆపుతుందన్న ఆధారం లేదు. పిల్లలను లాటరీ తీరున రెండు గుంపులుగా విడదీసి చేసిన ఒక పరీక్ష 2015లో వెలువడింది, అందులో త్రేన్పు తెప్పించిన పిల్లల్లో ఏడుపు తగ్గలేదు సరికదా, పాలు కక్కడం పెరిగింది. భుజాన వేసుకుని రెండు మూడు నిమిషాలు నిమరండి. రాకపోతే వదిలేయండి. నిద్రపోయిన బిడ్డను త్రేన్పు కోసం లేపి అరగంట వీపు తట్టడం వల్ల ఒరిగేది ఇంకో విడత ఏడుపే.

జబ్బు కాదని ఎలా నమ్మడం

ఇక్కడ ఏమరుపాటు పనికిరాదు. “కోలిక్‌లే” అన్న మాట వెనక అసలు జబ్బు దాక్కునే ప్రమాదం ఉంది. మొదటిసారి ఆగకుండా ఏడ్చినప్పుడు బిడ్డను మంచి వెలుతురులో పూర్తిగా బట్టలు విప్పి చూడండి. కాలివేళ్లు, చేతివేళ్లు, మగబిడ్డ అయితే అంగం ఒక్కొక్కటిగా చూడాలి. తల్లి వెంట్రుకో, సాక్సులోని దారమో వేలికి చుట్టుకుని బిగుసుకుంటే వేలు వాచి ఎర్రబడుతుంది. గంటలు గడిచేకొద్దీ రక్తం ఆడక దెబ్బతింటుంది కూడా. సాక్సు తీస్తే తప్ప కనపడదు. గజ్జల్లో గట్టి ఉబ్బు ఉంటే హెర్నియా ఇరుక్కుని ఉండవచ్చు. వృషణం వాచి ఎర్రబడినా అప్పటికప్పుడు ఆసుపత్రే. ఒక కన్ను మాత్రమే ఎర్రబడి నీరు కారుతుంటే గోరు గీరుకుని ఉండవచ్చు. ఒక చెయ్యో కాలో కదపకపోతే, ముట్టుకుంటే ఏడుపు పెరిగితే ఎముక సంగతి చూడాలి.

ఆ తర్వాత థర్మామీటరు. 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, తాకితే అది రాత్రి రెండు గంటలైనా సరే, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో మందు వేసి పొద్దున దాకా ఆగే వయసు కాదది. ఆకుపచ్చ వాంతి అయితే పేగు మెలిపడిందేమోనని అనుమానించాలి, అదీ అత్యవసరమే. పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మేలా వాంతి చేసుకుని మళ్లీ ఆకలితో వెతుక్కునే 3–6 వారాల బిడ్డకు జీర్ణాశయం దిగువ కండరం మందమై దారి ఇరుకైపోయి ఉండవచ్చు. మలంలో రక్తం, ఉబ్బిన మాడు, ఎప్పుడూ లేని కీచు గొంతు లేదా బలహీనమైన మూలుగు, పాలు పట్టకుండా వేలాడిపోవడం, ఊపిరి వేగంగా తీయడం, ఇవేవీ కోలిక్ లక్షణాలు కావు. కోలిక్ బిడ్డ ఏడుపు విడతల మధ్య మామూలుగా ఉంటుంది: పాలు తాగుతుంది, కళ్లు కలిపి చూస్తుంది, బరువు పెరుగుతుంది. అది తేడా.

బరువే నమ్మకమైన సాక్షి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి, ఆపైన తొలి మూడు నెలలు రోజుకు సుమారు 20–30 గ్రాముల చొప్పున పెరగాలి. తొలి వారం దాటాక 24 గంటల్లో కనీసం 6 డైపర్లు బాగా తడవాలి. ఈ రెండూ ఉంటే “పాలు చాలడం లేదు” అన్న మాటను పక్కన పెట్టవచ్చు. సాయంత్రం పూట ప్రతి అరగంటకూ రొమ్ము కోసం వెతుక్కోవడం ఈ వయసులో మామూలే. పాలు ఎండిపోయాయనుకుని డబ్బా పాలు మొదలుపెట్టేది సరిగ్గా ఈ ఘడియలోనే. అలా రొమ్ము పట్టడం తగ్గించాక పాలు నిజంగానే తగ్గుతాయి.

పాలు పట్టే తీరు

కోలిక్‌కు పాలు కారణం కాకపోయినా, పాలు పట్టడంలో లోపాలు ఏడుపును పెంచుతాయి. వీటిని సరిదిద్దడం చవక, హాని లేనిది, అందుకే మందుల కంటే ముందు ఇది. రొమ్ము పట్టేటప్పుడు చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు బిడ్డ నోట్లోకి వెళ్లాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. టక్ టక్ మని శబ్దం వస్తున్నా, తల్లికి నొప్పి పుడుతున్నా పట్టు జారుతోందని అర్థం: చిటికెన వేలు నోటి మూల నుంచి దూర్చి విడిపించి మళ్లీ పట్టించాలి. పాలు ఉధృతంగా వచ్చి బిడ్డ పొలమారుతుంటే తల్లి వెనక్కి వాలి కూర్చుంటే ప్రవాహం నెమ్మదిస్తుంది. ఐదేసి నిమిషాలకు రొమ్ము మార్చే అలవాటు ఉంటే మానేయండి. ఒక రొమ్ము మెత్తబడే దాకా తాగనిచ్చి, అప్పుడు రెండోది చూపాలి. త్వరత్వరగా మారిస్తే బిడ్డకు కొవ్వు తక్కువ, లాక్టోజ్ అనే పాల చక్కెర ఎక్కువ ఉన్న పాలే ఎక్కువగా అందుతాయి. అవి పేగుల్లో వేగంగా కదిలి, పులిసి, ఆకుపచ్చని నురుగు విరేచనాలు అవుతాయి.

సీసాతో పడితే బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, సీసాను దాదాపు అడ్డంగా, పీక నిండేంత వాలుగా ఉంచాలి. సీసా తిరగేస్తే పాలు చుక్కచుక్కగా రావాలి, ధార కట్టకూడదు. మొత్తం ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంటే పీక రంధ్రం పెద్దది. పొడి పాలలో ముందు నీళ్లు కొలిచి, తర్వాత డబ్బాలోని స్కూపుతోనే, పైన గీసి సమం చేసి కలపాలి. నొక్కి నింపిన స్కూపు మలబద్ధకం తెస్తుంది, ఒంట్లో నీటి లెక్కను చెడగొడుతుంది. గట్టిగా ఆడించి కలిపితే నురుగు తేలుతుంది, అది తగ్గేదాకా ఆగండి.

ఇక తల్లి తిండి. ఊరికే అనుమానంతో పప్పులు, కూరగాయలు, పండ్లు ఒక్కొక్కటిగా మానిపించడం బాలింతను నీరసపెట్టడం తప్ప మరేం కాదు. ఆలోచించాల్సింది ముఖ్యంగా ఒక్కదాని గురించి, ఆవు పాల ప్రోటీన్ అలర్జీ. అదైనా ఏడుపు ఒక్కటే ఉంటే అనుమానించేది కాదు. తోడుగా మలంలో జిగురు లేదా రక్తపు చారలు, ఒంటి మీద ఎగ్జిమా, తరచూ వాంతులు, సరిగా పెరగని బరువు ఉండాలి. అప్పుడు డాక్టరు సలహాతో తల్లి తన తిండిలో పాలు, పెరుగు, వెన్న, జున్ను, వాటితో చేసినవన్నీ 2 నుంచి 4 వారాలు పూర్తిగా మానేస్తుంది, కాల్షియం వేరేగా తీసుకుంటుంది. తగ్గితే అక్కడితో ఆగకూడదు. మళ్లీ తిని చూడాలి. లక్షణాలు తిరిగొస్తేనే అలర్జీ అన్నట్టు, లేకపోతే ఏడుపు గీత దిగే వేళకు పథ్యం కలిసొచ్చినట్టు. ఈ రెండో మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు, అందుకే అవసరం లేని పథ్యాలు నెలల తరబడి సాగుతాయి. డబ్బా పాలు, అంటే ఫార్ములా, తాగే బిడ్డకైతే ప్రోటీన్‌ను బాగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా డాక్టరు రాస్తారు. మామూలు బ్రాండు నుంచి ఇంకో మామూలు బ్రాండుకు మారడం వృథా.

ఊరడించే వరస

ఊరడించడంలో పెద్ద పొరపాటు తొందర. ఒక నిమిషం ఊపి, ఒక నిమిషం గిలక చూపి, దీపం కిందకు తీసుకెళ్లి, ఇంకొకరి చేతికిచ్చి, పాట పెట్టి, మళ్లీ పాలు పట్టి. ఆరు వారాల బిడ్డ మెదడుకు ఇదంతా కలిసి ఇంకా ఎక్కువ రొద. ఈ వయసు బిడ్డ ఒకసారి లేచాక గంట, గంటన్నరకే అలసిపోతుంది, అలిసిన బిడ్డను ఇంకా ఆడించబోతే ఏడుపు ముదురుతుంది. కాబట్టి ఆకలి, డైపర్, ఒంటి వేడి చూసుకున్నాక వెలుతురు, మాటలు తగ్గించి, ఏదైనా ఒక్క పద్ధతిని కనీసం 5 నిమిషాలు మార్చకుండా చేయండి.

మొదట నడక. బిడ్డ తల, మెడ ఆనేలా రొమ్ముకు అదుముకుని, ఆగకుండా, మలుపులు తక్కువగా ఉండేలా ఒకే వేగంతో 5 నిమిషాలు నడవండి. మోస్తూ నడిచినప్పుడు పసిబిడ్డ గుండె వేగం తగ్గి ఒళ్లు సడలుతుందని జపాన్ పరిశోధకులు 2013లో చూపారు. కూర్చుని ఎత్తుకుంటే ఇది రాదు, నడవాల్సిందే. అదే బృందం 2022లో రెండో సగం కూడా చెప్పింది: నిద్రపోగానే పడుకోబెడితే చాలామంది లేచిపోతారు, మంచం తగిలినప్పుడు కాదు, మన ఒంటి నుంచి విడివడటం మొదలైన క్షణంలోనే. నిద్రపోయాక ఇంకో 5–8 నిమిషాలు కూర్చుని పట్టుకుని, ఆ తర్వాత పడుకోబెడితే నిలిచే అవకాశం ఎక్కువ.

ఎప్పుడూ ఎత్తుకుంటే అలవాటైపోతుందన్న బెదిరింపును ఈ మూడు నెలలు పట్టించుకోనక్కర్లేదు. 1986లో హంజికర్, రోనాల్డ్ బార్ చేసిన పరీక్షలో, ఏడ్చినప్పుడే కాక మామూలు వేళల్లోనూ అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరో వారంలో 43 శాతం తక్కువ ఏడ్చారు. అయితే అప్పటికే కోలిక్ ఉన్న పిల్లల్లో ఇదే ప్రయోగం చేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎత్తుకోండి, కానీ దాన్ని మందనుకుని లెక్కలు కట్టుకోవద్దు.

నడక పనిచేయకపోతే ముంజేతి మీద బోర్లా: తల మోచేతి వంపులో, పొట్ట ముంజేతి మీద, కాళ్లు చెరోవైపు. నిద్రపట్టగానే వెల్లకిలా మార్చాలి, బోర్లా పడుకోబెట్టి వదలడం నిద్రలో హఠాన్మరణ ముప్పును పెంచుతుంది. గుడ్డలో చుట్టడం కొందరికి పనిచేస్తుంది. భుజాల దగ్గర ఒద్దికగా, తొడల దగ్గర మోకాళ్లు ముడుచుకునేంత వదులుగా చుట్టాలి, కాళ్లు చాపి బిగిస్తే తుంటి కీలు జారవచ్చు. దొర్లే ప్రయత్నం కనిపించిన రోజే చుట్టడం ఆపేయాలి. ఫ్యాను హోరులాంటి ఎడతెగని శబ్దం, వైట్ నాయిస్, కూడా ఉపయోగమే. కానీ ఆ యంత్రాలను పూర్తి శబ్దంతో పరీక్షించినప్పుడు పసివాళ్ల వార్డులకు పెట్టిన 50 డెసిబెల్స్ హద్దును అన్నీ దాటాయి. కనీసం 2 మీటర్ల దూరంలో, తక్కువ శబ్దంతో పెట్టి, నిద్రపట్టాక ఆపేయండి.

చుక్కల మందులు

గాలి పోవడానికని ఇచ్చే సిమెథికోన్ హాని చేయదు. మందు లేని ఉత్త చుక్కలతో పోల్చి చూసిన పరీక్షల్లో ఉత్త చుక్కల కంటే మెరుగనీ తేలలేదు. గ్రైప్ వాటర్ 19వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టింది, అసలు సూత్రంలో ఆల్కహాలూ, చక్కెరా ఉండేవి. బిడ్డ మత్తుగా పడుకోవడంలో వింత లేదు. ఇప్పుడు ఆల్కహాల్ తీసేశారు, పనిచేస్తుందన్న రుజువు మాత్రం రాలేదు. పేగుల బిగింపును సడలించే డైసైక్లోమిన్ ఏడుపు తగ్గిస్తుంది, నిజమే. ఊపిరి ఆగడం, ఫిట్స్, స్పృహ తప్పడం లాంటివి బయటపడ్డాక 6 నెలల లోపు పిల్లలకు అది వాడకూడదని తేల్చారు. ఏ చుక్కల మందైనా లేబుల్ మీద ఈ పేరుందేమో చూడండి. కాస్తో కూస్తో ఆధారం ఉన్నది లాక్టోబాసిలస్ రూటరీ డీఎస్ఎం 17938 అనే ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా), అదీ తల్లిపాలు తాగే పిల్లల్లోనే. రోజుకు 10 కోట్ల జీవకణాలు, మూడు వారాలు, డాక్టరు సరేనంటేనే. నెలలు నిండక పుట్టిన బిడ్డకు సొంతంగా అసలు వద్దు. తేనె ఏడాది నిండే దాకా కూడదు, దాని బీజాల వల్ల వచ్చే బోట్యులిజం కండరాలను చచ్చుబరుస్తుంది. అనాస పువ్వు కషాయంలో దాన్ని పోలిన విషపు రకం కలిసి పసివాళ్లకు ఫిట్స్ వచ్చిన ఉదంతాలున్నాయి. యాసిడ్ తగ్గించే మందులు ఏడుపును తగ్గించవు.

ఎత్తుకున్నవాళ్ల ఓపిక

కోలిక్‌లో బిడ్డకు జరిగే నిజమైన హాని పెద్దవాళ్ల చేతుల్లోంచి వస్తుంది. ఏ చికిత్స కంటే ముఖ్యమైన భాగం ఇదే, డాక్టరు గదిలో దీనికి సమయం దొరకదు. విసిగి బిడ్డను కుదిపితే బరువైన తల, నిలవని మెడ వల్ల మెదడు కపాలానికి కొట్టుకుని రక్తనాళాలు తెగుతాయి. చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు. ఇలా ఆసుపత్రికొచ్చే పిల్లల వయసులను గీస్తే అదీ ఏడుపు గీతలాగే లేచి దిగుతుంది. చేసేవాళ్లు కర్కోటకులే కానక్కర్లేదు, నాలుగు రాత్రులు నిద్రలేని మామూలు మనుషులు.

అందుకే హద్దు ముందే పెట్టుకోవాలి. పళ్లు బిగుస్తున్నాయి, చేతులు గట్టిపడుతున్నాయి అనిపిస్తే బిడ్డను ఖాళీ ఉయ్యాలలోనో తొట్టిలోనో వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పట్లూ దిండ్లూ లేకుండా చూసి, ఇంకో గదిలోకి వెళ్లి 10 నిమిషాలు ఉండండి. ఆ తర్వాత వచ్చి చూడండి. సురక్షితంగా పడుకుని 10 నిమిషాలు ఏడ్చినందువల్ల ఏ బిడ్డకూ ఏమీ కాదు. ఇద్దరుంటే సాయంత్రం ఇద్దరూ కలిసి మేలుకోవడం దండగ. ఒకరు ఏడింటి నుంచి తొమ్మిది దాకా, ఇంకొకరు ఆ తర్వాత, వంతులో లేనివాళ్లు చెవులు మూసుకుని నిద్రపోవాలి. ఎంత అలసినా బిడ్డతో సోఫాలో ఒరగకండి, ఊపిరాడక జరిగే మరణాల్లో సోఫా చాలా ప్రమాదకరమైన చోటు. నిద్రలేక కారు తీసి బిడ్డను తిప్పడమూ అలాంటిదే.

మూడు నుంచి ఐదు రోజులు ఏడుపు డైరీ రాయండి: 24 గంటలను పావుగంటల గళ్లుగా గీసి నిద్ర, పాలు, ఏడుపు వేర్వేరు గుర్తులతో నింపడమే. “రోజంతా ఏడుస్తోంది” అన్నది నాలుగు గంటలని తేలుతుంది, డాక్టరుకూ మాటల కంటే ఈ కాగితం పనికొస్తుంది. తల్లికైనా తండ్రికైనా బిడ్డ పడుకున్నా తమకు నిద్ర రాకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది అలసట కాదు, ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. తమకో బిడ్డకో హాని చేయాలన్న తలపు వస్తే ఆ రోజే వైద్య సహాయం తీసుకోవాలి.

ఏడుపు మూడో నెల తర్వాత కొత్తగా మొదలైతే, లేదా ఐదో నెలలో కూడా తగ్గకుండా సాగితే దాన్ని కోలిక్ ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, చెవినొప్పి, పాల అలర్జీ, ఎదుగుదల ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి చూడమని డాక్టరును అడగాలి.